‘కాబట్టి’ ఉన్న వాక్యమే తీర్మానమా? పేరాలో ఆధారాలనీ తీర్మానాన్నీ ఎలా విడదీయాలి

వాదనలో ఆధారవాక్యం (నమ్మడానికి చూపే కారణం), తీర్మానం (దాని మీద నిలబెట్టే మాట) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం చెప్పగలుగుతున్నానని, పేరా ఇచ్చి విడదీయమంటే మాత్రం తడబడుతున్నానని రాశారు. ‘కాబట్టి’తో మొదలైన వాక్యాన్ని తీర్మానంగా గుర్తిస్తే జవాబు తప్పని వచ్చింది, ఎందుకో అర్థం కాలేదన్నారు. ఆ పేరా సంగతి చివర్లో చూద్దాం. ముందు నేను ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో చెప్తాను. మీ ప్రశ్న చదివితే మీరూ అక్కడే ఆగిపోయినట్టు అనిపించింది.

పోటీ పరీక్షలకి చదివే రోజుల్లో రీజనింగ్‌లో నా మార్కులు పోయేది ఈ ఒక్క చోటే. ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. ‘అన్ని పక్షులూ ఎగురుతాయి. నిప్పుకోడి ఒక పక్షి.’ దీన్నుంచి ఏ తీర్మానం వస్తుందని అడిగారు. నిప్పుకోడి ఎగరదని నాకు తెలుసు. అందుకని ‘నిప్పుకోడి ఎగురుతుంది’ అన్న జవాబు పెట్టడానికి చెయ్యి రాలేదు, ‘ఏ తీర్మానమూ రాదు’ అని పెట్టాను. తప్పయింది. కారణం తర్వాత తెలిసింది. ఆ ప్రశ్న నిప్పుకోడి గురించి నాకేం తెలుసని అడగలేదు. ఆ రెండు వాక్యాలూ ఒప్పుకుంటే మూడోది ఒప్పుకోక తప్పుతుందా అని అడిగింది. తప్పదు. మొదటి వాక్యం అబద్ధం, ఇక్కడ తీర్మానమూ అబద్ధమే, కానీ అది తీర్మానం కాకుండా పోలేదు. ఆధారం, తీర్మానం అనేవి వాక్యాలకి పుట్టుకతో వచ్చే గుణాలు కావు. ఈ వాదనలో ఆ వాక్యం చేసే పని అది. ఇక్కడ తీర్మానమైనది ఇంకోచోట ఆధారం కావచ్చు. నిజమా కాదా అన్నది తర్వాతి మాట. ఈ రెండు పనులూ కలిపేసినంత కాలం నేను ముందుకి కదల్లేదు.

రెండో తప్పు మాట వల్ల వచ్చింది. తీర్మానాన్ని కొన్ని పుస్తకాల్లో ‘ముగింపు’ అంటారు. ముగింపు అనగానే చివర ఉంటుందని మనసులో పడిపోతుంది. నిజంగా మనుషులు మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు అది చాలాసార్లు మొదటే వస్తుంది, మధ్యలోనూ వస్తుంది, ఒక్కోసారి అసలు రానే రాదు. ‘ఇంత పొగ వస్తుంటే ఇంజన్ బాగానే ఉందంటావా?’ అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నే తీర్మానం: ఇంజన్ బాగాలేదు. పొగ రావడం ఆధారం. ప్రశ్నలా కనిపించింది కదా అని పక్కన పెట్టేస్తే వాదన మొత్తం జారిపోతుంది.

ఇక ‘కాబట్టి’ సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, మీ ఇబ్బందికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఇంగ్లీషు పుస్తకాల్లో గుర్తుపదాల పట్టికలు రెండు ఉంటాయి, ఆధారాన్ని చూపేవి కొన్ని, తీర్మానాన్ని చూపేవి కొన్ని. మనం వాటిని తెలుగులోకి మార్చుకుని ‘ఎందుకంటే వస్తే ఆధారం, కాబట్టి వస్తే తీర్మానం’ అని బట్టీ పడతాం. కానీ తెలుగులో కాబట్టి రెండు రకాలుగా నడుస్తుంది. ‘నేల తడిగా ఉంది. కాబట్టి వాన పడి ఉంటుంది.’ ఇక్కడ కాబట్టితో మొదలైన వాక్యం తీర్మానం. ‘నేల తడిగా ఉంది కాబట్టి వాన పడి ఉంటుంది.’ ఇక్కడ అదే మాట ఆధారం తోకకి అతుక్కుని ఉంది. ‘వాన పడి ఉంటుంది, నేల తడిగా ఉంది కాబట్టి.’ ఇక్కడ వాక్యం చివర కాబట్టి ఉన్నా, దాని ముందున్నది ఆధారం, తీర్మానం ఎప్పుడో ముందే అయిపోయింది. కనుక, గనక కూడా ఇంతే. కాబట్టి కనిపించిన వాక్యాన్ని గుర్తించి ఊరుకోకండి. దానికి అటు ఏముంది, ఇటు ఏముంది, ఎవరు ఎవరిని మోస్తున్నారు అని చూడండి.

మన భాషలో ఇంకో మంచి గుర్తు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పగా నేను వినలేదు. క్రియ చివర చూడండి. ‘వాన పడింది’ అంటే చూసి చెప్తున్నాం. ‘వాన పడి ఉంటుంది’, ‘పడి ఉండాలి’, ‘పడినట్టుంది’ అంటే వేరే దేన్నో చూసి ఊహించి చెప్తున్నాం. అంటే తీర్మానం. ‘లోపల లైటు వెలుగుతోందంటే ఎవరో ఉన్నట్టే’ అన్నప్పుడు ‘ఉన్నట్టే’ అన్న చోట తీర్మానం పట్టుబడిపోతుంది. ‘చేయాలి’, ‘చేయకూడదు’, ‘తప్పదు’ లాంటివి కూడా చాలాసార్లు తీర్మానాలే, ఎందుకంటే ఎవరూ ఊరికే ‘చేయాలి’ అనరు, దాని వెనక ఒక కారణం పెట్టుకునే అంటారు. ఇవతల ‘కదా’ చూడండి. ‘బయటికి వెళ్ళకు, జ్వరం ఉంది కదా.’ ఆ కదా అన్నది ‘ఇది నువ్వూ ఒప్పుకున్నదే’ అని చెప్పి ఆధారాన్ని మన చేతిలో పెడుతుంది. అందుకే కదా దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మనం ఒప్పుకోని సంగతిని కూడా ఒప్పుకున్నట్టే దాటించేయడానికి అది బాగా పనికొస్తుంది. ‘అయినా’, ‘అయినప్పటికీ’ ముందు ఉన్నది సాధారణంగా ఆధారం కాదు, అవతలి పక్షం మాట. ‘అయితే’, ‘వస్తే’, ‘చేస్తే’ ఉన్న వాక్యాన్ని మధ్యకి చీల్చకండి. ‘వాన వస్తే ఆట ఆగుతుంది’ అన్నవాడు వాన వచ్చిందనీ అనలేదు, ఆట ఆగిందనీ అనలేదు. మొత్తం కలిపి ఒకే వాక్యం.

గుర్తులు మోసం చేసే చోటు ఇంకొకటి ఉంది: కారణం చెప్పడం, రుజువు చెప్పడం. ‘బస్సు దారిలో ఆగిపోయింది కాబట్టి ఆలస్యమైంది.’ ఇది వాదన కాదు. నేను ఆలస్యంగా వచ్చానని ఎదుటివాళ్ళకి కనిపిస్తూనే ఉంది, వాళ్ళని నమ్మించాల్సింది ఏమీ లేదు. ఎందుకు ఆలస్యమైందో చెప్తున్నానంతే. ‘హారన్ వినిపించింది కాబట్టి బస్సు వచ్చేసి ఉంటుంది’ అంటే వాదన. బస్సు వచ్చిందో లేదో ఇంకా తేలలేదు, హారన్‌ని చూపించి నమ్మమంటున్నాను. తేడా పట్టుకోవడానికి నాకు ఉపయోగపడిన ప్రశ్న ఇది: ఈ రెండింటిలో వినేవాడికి ముందే తెలిసింది ఏది, సందేహం ఉన్నది ఏది? సందేహం ఉన్నదాన్ని తెలిసినదాని మీద నిలబెడుతుంటే వాదన. రెండూ తెలిసినవే అయి, ఒకటి ఇంకోదానికి కారణమైతే వివరణ.

ఇదంతా కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం చదివాక నాకు చాలా ముడులు విడిపోయాయి. గౌతముడి న్యాయసూత్రాల్లో ఇతరులకి చెప్పే అనుమానానికి (ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తేల్చుకోవడం) ఐదు అవయవాలు, అంటే భాగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. పొగ ఉంది కనుక. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండా అలాగే పొగతో ఉంది. కనుక కొండ మీద నిప్పుంది. తీర్మానం మొదట ఒకసారి, చివర ఒకసారి వస్తుంది. మొదట వచ్చినప్పుడు అది ఇంకా రుజువు కావాల్సిన మాట, చివర వచ్చేసరికి రుజువైన మాట. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు దీన్నే స్వార్థానుమానం, పరార్థానుమానం అని విడదీసి చెప్తాడు. తనకోసం ఊహించుకునేవాడు పొగ చూస్తాడు, పొగకీ నిప్పుకీ ఉన్న సంబంధం గుర్తుచేసుకుంటాడు, నిప్పుందని తేల్చుకుంటాడు. ఇంకొకరికి చెప్పేటప్పుడు మాత్రం ‘కొండ మీద నిప్పుంది’ అని ముందు మాట వేస్తాడు. మనం చదివే పేరాలన్నీ ఇంకొకరికి చెప్పేవే. అందుకే తీర్మానం పైనే కనిపిస్తే ఆశ్చర్యపడక్కర్లేదు.

ఆ ఐదింటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మూడోది. ‘ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది’ అని వ్యాప్తిని, అంటే హేతువుకీ తీర్మానానికీ మధ్య ఎప్పుడూ ఉండే సంబంధాన్ని, పైకి చెప్పించేస్తుంది. మామూలు మాటల్లో మనం దాన్ని మింగేస్తాం. ‘ఈ మందు మొక్కల నుంచి తీసింది, కాబట్టి హాని చేయదు’ అంటారు. దీన్ని కొండ, పొగ అచ్చులో పోసి చూడండి. ఎక్కడ మొక్కల నుంచి తీయడం ఉంటుందో అక్కడ హాని లేకపోవడం ఉంటుంది, అని పైకి అనాలి. అనగానే గన్నేరు, ఉమ్మెత్త గుర్తొస్తాయి. రెండూ మొక్కలే, రెండూ విషమే. పైకి చెప్పని ఆధారం ఎక్కడుందో వెతకడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు దొరకలేదు: హేతువునీ తీర్మానాన్నీ పట్టుకుని, మధ్యలో ‘ఎక్కడ ఇది ఉంటుందో అక్కడ అది ఉంటుంది’ అని రాయడం.

ఇదంతా పరీక్షకే పనికొస్తుందనుకునేవాణ్ణి. మా నాన్న మోకాళ్ళ విషయంలో అభిప్రాయం మారింది.

నాన్నకి మోకాలి ఆపరేషన్ చేయించాలా వద్దా అని నాకూ అన్నయ్యకీ వారం రోజులు ఫోన్లో గొడవ. ‘వయసు పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది, డాక్టరు గారూ అదే అన్నారు, ఆపరేషన్ చేయించాల్సిందే’ అని అన్నయ్య. ‘నాన్నకి షుగర్ అదుపులో లేదు, అదుపులో లేనప్పుడు కోస్తే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, కాబట్టి వద్దు’ అని నేను. ఇద్దరం గొంతు పెంచుకుంటూ అవే మాటలు తిప్పి తిప్పి అనుకున్నాం. ఒక రాత్రి నిద్ర పట్టక పాత క్యాలెండర్ కాగితం వెనక ఇద్దరి మాటలూ విడివిడిగా రాశాను. ప్రతి వాక్యానికీ ఒక అంకె వేసి, ఏది దేన్ని మోస్తోందో బాణం గీశాను.

అన్నయ్య మాటలు ముందు రాశాను. డాక్టరు గారి మాట నేరుగా తీర్మానానికి ఆధారమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బాణం గీసేటప్పుడు చూస్తే అది ‘కోలుకోవడం కష్టమవుతుంది’ అన్నదానికి ఆధారం. అంటే ఆధారానికి ఆధారం. నేను డాక్టరు మాటని కొట్టిపారేస్తున్నానని అన్నయ్యకి కోపం వచ్చింది ఇందుకేనని అప్పుడు తెలిసింది. నేను నిజానికి ఆ మాటని కాదనలేదు. తర్వాత నా వైపు రాశాను. షుగర్ అదుపులో లేదు. అదుపులో లేనప్పుడు కోస్తే ప్రమాదం ఎక్కువ. ఈ రెండూ కలిస్తేనే బలం, ఒకటి తీసేస్తే రెండోది దేనికీ చాలదు. బాగానే ఉంది. కింద తీర్మానం దగ్గర ‘వద్దు’ అని రాయబోతూ ఆగిపోయాను. ఈ రెండింటి నుంచి ‘వద్దు’ రాదు. ‘అదుపులోకి వచ్చేదాకా వద్దు’ వరకే వస్తుంది. అన్నయ్య ఆధారాల నుంచి వచ్చేది కూడా ‘రేపే చేయించాలి’ కాదు, ‘ఏళ్ళ తరబడి వాయిదా వేయకూడదు’ వరకే. కాగితం మీద ఆ రెండు తీర్మానాలూ పక్కపక్కన పెడితే వాటి మధ్య తగాదా లేదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్యకి ఫోన్ చేసి ఆ కాగితం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. ‘అయితే ముందు షుగర్ సంగతి చూద్దాంరా’ అన్నాడు. మూడు నెలలు అమ్మ దగ్గరుండి మందులూ నడకా చూసుకుంది, షుగర్ అదుపులోకి వచ్చాక డాక్టరు గారు సరేనన్నారు, ఆపరేషన్ అయింది. ఆ వారం రోజులూ మేం ఇద్దరం మా ఆధారాలు మోయగలిగినదానికన్నా పెద్ద తీర్మానాలు నెత్తిన పెట్టుకుని తిరిగాం. ఆధారం, తీర్మానం విడివిడిగా రాస్తే తప్ప ఆ సంగతి కనపడలేదు.

అంకెలూ బాణాలూ నా సొంత పద్ధతేం కాదు. 1950లో మన్రో బియర్డ్‌స్లీ అనే అమెరికన్ తత్త్వవేత్త తన తర్కం పాఠ్యపుస్తకంలో ఇలాంటి బొమ్మలు వాడాడు, అక్కణ్ణుంచి చాలా పుస్తకాల్లోకి ఇది పాకింది. పెన్సిలు, కాగితం చాలు. ఇప్పుడు మీరిచ్చిన పేరా దాంతోనే చూద్దాం. వాక్యాలకి అంకెలు వేస్తున్నాను.

(1) పొద్దున్నే లేవలేని పిల్లలు బద్ధకస్తులని చాలామంది అనుకుంటారు. (2) కౌమారంలో శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. (3) కాబట్టి బడి మరీ పొద్దున్నే మొదలైతే ఆ వయసు పిల్లలకి నిద్ర చాలదు. (4) పై తరగతులకి బడి ఇంకాస్త ఆలస్యంగా మొదలుపెట్టాలి. (5) నిద్ర చాలని పిల్లలకి పాఠం మీద ధ్యాస నిలవదు కదా. (6) తల్లిదండ్రుల ఆఫీసు వేళలతో ఇబ్బంది వస్తుందన్నది నిజమే అయినా, అది సర్దుకోగలిగిన విషయం.

ముందు ఆధారాల కోసం వెతక్కండి. ఈ రాసినాయన నన్ను చివరికి దేనికి ఒప్పించాలని చూస్తున్నాడు అని ఒక్కటే అడగండి. పిల్లలకి నిద్ర చాలదని తెలిసి ఊరుకుంటే ఆయనకి సరిపోతుందా? సరిపోదు. బడి వేళలు మార్చాలన్నదే ఆయన పట్టు. 4 తీర్మానం. దాని ముందు ఏ గుర్తూ లేదు, అందుకే మీ కంటికి ఆనలేదు. నమ్మకం కుదరకపోతే మధ్యలో ‘ఎందుకంటే’ పెట్టి రెండు వైపులా చదవండి. ‘బడి ఆలస్యంగా మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇప్పుడు పిల్లలకి నిద్ర చాలదు.’ కుదిరింది. ‘పిల్లలకి నిద్ర చాలదు, ఎందుకంటే బడి ఆలస్యంగా మొదలుపెట్టాలి.’ అర్థమే లేదు. ఏ వైపు చదివితే కుదురుతుందో ఆ వైపున ‘ఎందుకంటే’కి ముందున్నది తీర్మానం, తర్వాతది ఆధారం. గుర్తుపదాలు లేని పేరాల్లో నేను ఇప్పటికీ ఈ పరీక్షే పెడతాను.

మీరు గుర్తించిన 3 తీర్మానమే, అందులో మీ తప్పు లేదు. అది 2 మీద నిలబడ్డ తీర్మానం. కానీ అక్కడితో ఆగక, 5తో చేయి కలిపి 4ని మోస్తోంది. అంటే మధ్య మెట్టు. ప్రశ్న అడిగింది పై మెట్టుని. 1 ఆయన మాట కాదు, ‘చాలామంది అనుకుంటారు’ అని చెప్పి పక్కకి తప్పించడానికి తెచ్చిన అవతలి పక్షం మాట. దాన్ని ఆధారాల్లో వేస్తే ఇంకో మార్కు పోతుంది. 6లో ‘అయినా’ ముందున్నది ఎవరో అనబోయే అభ్యంతరం, తర్వాతది దానికి జవాబు. 4కి అడ్డు తొలగించడమే దాని పని.

ఒక వాక్యం మాత్రం ఆ పేరాలో లేదు. నిద్ర చాలదు, ధ్యాస నిలవదు అన్నవి రెండూ ‘ఉన్నది’ చెప్తున్నాయి. ‘మొదలుపెట్టాలి’ అన్నది ‘ఉండాల్సింది’ చెప్తోంది. ఉన్నది చెప్పే మాటల్లోంచి ఉండాల్సింది ఎలా పుట్టిందో రచయితలు చెప్పకుండా దాటేస్తారని స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే ఎత్తిచూపాడు. ఈ పేరాలో దాటేసింది ‘పిల్లల ధ్యాస నిలిచే వేళల్లోనే బడి నడపాలి’ అన్న వాక్యం. దాన్ని 7 అని అంకె వేసి, 3, 5 పక్కన పెట్టి, మూడింటి నుంచీ 4కి ఒకే బాణం గీయండి.